శుక్రవారం పొద్దున లేని మనిషి

గురువారం డ్యూటీ అయిపోవస్తుండగా కంపెనీ వాట్సాప్ గ్రూపులో ఆయన ఫోటో పెట్టారు. కింద దండం పెట్టే చేతుల బొమ్మలు వరసకట్టాయి. "మంచి మనిషి", "చాలా మంచి మనిషి", "ఎవర్నీ ఒక్క మాట అనేవాడు కాదు". అన్నీ నిజమే. కానీ నాకు ఏడుపు రావడానికి ముందు ఒళ్లు మండింది. ఈ భూమ్మీద నన్ను అంతగా విసిగించిన మనిషి ఇంకొకడు లేడు. పోయినవాళ్లను ఇలా అనకూడదంటారు. ఆయన ఉన్నప్పుడు ముఖం మీదే అన్నాను, ఇప్పుడు కొత్తగా అంటున్నది ఏమీ లేదు.

ఆయన మా కంపెనీలో మెయింటెనెన్స్ సూపర్‌వైజరు. క్యాంపులో ఏసీ ఆగినా, పైపు పగిలినా, తలుపు పట్టేసినా ఆయనకే ఫోను. నేను అదే కంపెనీ ఆఫీసులో టికెట్లు, వీసాలు చూస్తాను. ఆయనది జగిత్యాల వైపు, మాది కడప జిల్లా. సౌదీలోని అల్ ఖోబార్‌లో, అజీజియా పేటలో ఒకే బిల్డింగులో వాళ్లు పైన, మేము కింద. పరాయి దేశంలో వరసలు కలుపుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఆయన నాకు అన్న అయ్యాడు, ఆయన భార్య వదిన అయింది, నేను ఇద్దరికీ "చెల్లె"నయ్యాను.

ఆయనకు ఒకటే మాట ఉండేది. "అయితది తియ్." ఆగస్టు ఎండలో మా ఏసీ ఆగిపోయిన రోజు పైకి పరుగెత్తి తలుపు బాదితే, చాయ్ గ్లాసు పట్టుకుని నింపాదిగా వచ్చి, "అయితది తియ్ చెల్లె, ఎందుకు లొల్లి" అన్నాడు. అయింది కూడా, సాయంత్రానికి. అదే నా బాధ. ఆయన చేస్తానన్న పని ఎప్పటికో ఒకప్పటికి అయ్యేది, మనం చచ్చి బతికిన తర్వాత అయ్యేది. అసలు కాకుండా పోతే కడుపునిండా తిట్టుకునే వీలన్నా ఉండేది.

మెడలో, చొక్కా కింద ఒక గుడ్డసంచి వేలాడేది. అందులో ఇద్దరి ఇకామాలు, అంటే సౌదీలో ఉండనిచ్చే కార్డులు, పాస్‌పోర్టుల నకళ్లు. కూరగాయలకు వెళ్లినా ఆ సంచి ఉండాల్సిందే. మాట్లాడుతూ మాట్లాడుతూ గుండె మీద తట్టి, ఉందా లేదా అని చూసుకునేవాడు. కొత్తవాళ్లు ఆయనకు గుండెనొప్పేమో అనుకుని కుర్చీ జరిపేవాళ్లు. ఇకామా ఇప్పుడు ఫోన్లోనే చూపించొచ్చన్నా అంటే, "ఫోన్ సచ్చిపోతే?" అనేవాడు. ఎవరింటికి వెళ్లినా కూర్చోబోయే ముందు, లోపల పైపు ఏమన్నా కారుతుందేమోనని గోడ మీద వేలి కణుపులతో టకటక కొట్టి చెవి పెట్టేవాడు. మా ఇంటికి మావారి పై ఆఫీసరు భోజనానికి వచ్చిన రోజున కూడా, ఆయన కుర్చీ వెనకాలే నిలబడి గోడ కొట్టాడు.

ఇంకో చిత్రం. ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటానికి దీపం పెట్టందే గడప దాటని మనిషి, రోజంతా మాత్రం నమాజు వేళలతో కొలుచుకునేవాడు. "అసర్ అయినంక వస్త." "ఇషా కాంగనే తిందాం." దుకాణాలు ఆ వేళల్లో మూసేసే కాలంలో వచ్చాడు, ఆ లెక్క ఒంట్లోకి ఇంకిపోయింది. ఇప్పుడు చాలా దుకాణాలు తెరిచే ఉంటున్నాయని చెబితే తల ఊపేవాడు, నమ్మేవాడు కాదు. ఇక శుక్రవారమైతే జుమ్మా నమాజు అయ్యేదాకా ఆయనకు లోకమే లేదు. నిదానంగా లేవడం, ఊరికి ఫోన్లు చేయడం, తలకు నూనె పెట్టుకోవడం, పప్పు పొయ్యి మీద పెట్టడం. మధ్యాహ్నం దాటాకే ఒంటి మీదికి చొక్కా. మీసం నల్లగా ఉన్నప్పుడు మొదలైన ఈ అలవాటు అది పూర్తిగా తెల్లబడేదాకా సాగింది. ఆయన జీవితంలోంచి శుక్రవారం పొద్దున అనేది ఎగిరిపోయింది.

వదిన సంగతి చెప్పకుండా ఆయన సంగతి చెప్పలేను. పొద్దున చీకటితో ఆయన బస్సెక్కి పోతే మళ్లీ పొద్దుగూకే మగ్రిబ్ నమాజు దాటాకే రాక. పిల్లలు చదువులని, తర్వాత ఉద్యోగాలని హైదరాబాదు వెళ్లిపోయాక ఆమె ఒక్కతే ఆ నాలుగు గోడల మధ్య. ఖోబార్‌లో అన్నేళ్లుండి ఆమె చూసింది సముద్రం ఒడ్డు, సూపర్ మార్కెట్టు, మా ఇల్లు. ఒంటరిగా వీధి చివరికి కూడా పోయేది కాదు. భయం కాదు, ఎప్పుడూ పోలేదు కాబట్టి పోదు, అంతే.

వాళ్ల వంటింట్లో ఒక పాత క్యాలెండరు ఉండేది. మా కంపెనీకి వాల్వులు సరఫరా చేసే ఇటలీ వాళ్లు ఏటా పంచే క్యాలెండరు అది. ఏళ్లు మారినా వదిన ఒక నెల కాగితం తిప్పనివ్వలేదు. ఫ్లోరెన్స్‌లో ఒక చిన్న ప్రార్థన గది బొమ్మ. గోడల నిండా, కింది నుంచి పైదాకా, రంగుల్లో నిలువెత్తు మనుషులు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, చేతులు చాచి ఏదో అడుగుతున్నవాళ్లు.

"ఏందొదినా, ఈ కాగితం చింపరా?" అన్నాను ఒకసారి.

"చూడు చెల్లె, ఎంతమంది ఉన్నరో ఒక్క అర్రల," అంది ఆమె. "ఏం మాట్లాడుకుంటున్నరో! ఒక్కసారి ఆ నడుమ నిలబడాలె నేను."

ఆమె నోటివెంట నేను విన్న కోరిక అదొక్కటే. ఆయన అక్కడే ఉల్లిపాయలు తరుగుతున్నాడు. "అయితది తియ్," అన్నాడు, తల ఎత్తకుండా.

ఆ తర్వాత ఆయన చేసిన జాప్యం తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరకాలనిపిస్తుంది. ఒక ఏడు ప్లాంటు షట్‌డౌన్ అన్నాడు. ఒక ఏడు ఇకామా రెన్యువల్ కాలేదన్నాడు. ఇంకో ఏడు అన్నీ కుదిరాయి, నేను టికెట్లు కూడా చూసి పెట్టాను, అప్పుడు ఎవరో కార్మికుడికి సెలవు కావాలంటే తన సెలవు వదులుకున్నాడు. "వాని అవ్వకు మంచిగ లేదు చెల్లె, మనదేమున్నది, సరదా గద." వదిన ఆ రోజు మా ఇంట్లో కూర్చుని గంపెడు చిక్కుడుకాయలు ఒలిచింది.

చివరికి అరవై నిండాయని కంపెనీ ఆయనకు కాగితం ఇచ్చింది. ఎండాకాలం లోపు ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇక దేశం విడిచి పోవాల్సిందే. ఇక నేను ఊరుకోలేదు. మెట్లెక్కి వెళ్లి దులిపేశాను. "ఇంగ ఎప్పుడన్నా? ఈడ జీతం, ఇకామా ఉండబట్టి వాళ్లు వీసా ఇస్తారు. ఊరికి పోయినాక మిమ్మల్ని ఎవురు రానిస్తారు ఇటలీకి? ఇప్పుడు పోకపోతే వదిన ఇంగ జన్మలో ఆ గది చూడదు. తెలుస్తుండాదా మీకు?"

ఆయన గుండె మీద సంచి తట్టుకున్నాడు. "అయితది..." అని మొదలుపెట్టి నా ముఖం చూసి ఆపేశాడు.

కాగితాలన్నీ నేనే చేశాను. వీసా సెంటరుకు తీసుకెళ్లి వేలిముద్రలు వేయించాను. సౌదీ దాటి మళ్లీ రావాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ కావాలి కదా, అదీ తీయించాను. ఆయన పట్టుబట్టి దానికి చాలా తక్కువ రోజులే పెట్టించాడు. గడువులోపు తిరిగి రాలేక బయటే ఉండిపోయిన ఎవడో పాత దోస్తు కథ రోజుకోసారి చెప్పేవాడు. "సామానంత ఈడ, మనిషి ఆడ. ఏం బతుకు చెల్లె అది?" మావారికి డ్యూటీ పడింది కాబట్టి ఆ ఇద్దరితో నేనొక్కదాన్నే బయలుదేరాను. గురువారం ఒక్కరోజు సెలవు, పైన శుక్ర, శని. ఆదివారం పొద్దునకు మళ్లీ ఆఫీసులో ఉండాలి.

ఫ్లోరెన్స్‌లో దిగినప్పుడు గురువారం సాయంత్రం. నది మీద వెలుతురు, పాత వంతెన, రాతి వీధులు, ఎక్కడో గంటలు. వదిన చెప్పులు విప్పి నడుస్తానంది, అంత నచ్చాయి ఆ రాళ్లు. నేను నవ్వుతూనే ఉన్నాను, ఎన్నాళ్లకో అంత తేలికగా ఉంది నాకు. ఈయన మాత్రం దారిన పోయే తెల్లవాళ్లందరితో అరబిక్‌లో మాట్లాడాడు. పరాయివాడు కనబడితే చాలు ఆయన నోటికి అదే వస్తుంది. హోటలు కౌంటర్లో ఉన్న ముసలమ్మను "సదీఖ్" అని పిలిచాడు, అంటే దోస్తు అని. సందులో ఒక బట్టల దుకాణం తలుపు మూసి ఉంటే నమాజు వేళ అనుకుని సంబరపడిపోయాడు. "చూసినవా, ఈడ గూడ సలాకు బంద్ జేస్తరు!" అన్నాడు. ఎన్ని వందల ఏళ్ల నాటిదో ఒక మేడ గోడను టకటక కొట్టి చెవి పెట్టాడు. నేను ఇంకోవైపు తిరిగి, ఈయన మాతో రాలేదన్నట్టు నిలబడ్డాను.

ఆ గదిలోకి ఒకసారికి కొద్దిమందినే పంపుతారు. నేను నెల ముందే ముగ్గురికీ బుక్ చేశాను, శుక్రవారం పొద్దున పది గంటలకు. ఆ రాత్రి భోజనం దగ్గర రెండుసార్లు చెప్పాను. నేను టికెట్ల పని చూసుకోవడానికి ముందుగా వెళ్తాను, మీరు పదికల్లా గుమ్మం దగ్గరికి వచ్చేయండి, హోటలు నుంచి తిన్నగా నడిస్తే వంతెన దాటగానే ఉంది అని. ఆయన తల ఊపాడు.

పది అయింది. పదిన్నర అయింది. మా గుంపు లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది. వాళ్ల ఫోన్లకు అక్కడి సిమ్ లేదు, హోటలుకు ఫోన్ చేస్తే గదిలో లేరన్నారు. నేను పరుగెత్తుకుంటూ హోటలుకు పోయి, మళ్లీ పరుగెత్తుకుంటూ వచ్చాను. ఏదైనా బండి కింద పడ్డారేమోనని ఏడుపొచ్చేసింది. మధ్యాహ్నం దాటాక, వంతెన మీద నుంచి ఇద్దరూ మెల్లగా నడుచుకుంటూ వచ్చారు. ఆయన తలకు నూనె రాసుకుని శుభ్రంగా దువ్వుకున్నాడు. చేతిలో పెరుగు డబ్బాలు.

"యాడికి పోయినారన్నా?" నా గొంతు నాకే వింతగా వినిపించింది.

"పెరుగు దొరుకుతదేమో అని మార్కెట్ దాంక పోయినం. నడుమల పోరగాండ్లకు ఫోన్ జేసినం వైఫై దొరికితె. ఏమైంది?"

"పది గంటలకు అని చెప్పినా కదా!"

"అది మామూలు రోజులకు గద చెల్లె," అన్నాడు, నాకేదో తెలియనిది చెబుతున్నట్టు. "ఇయ్యాల శుక్రవారం. శుక్రవారానికి బోర్డు మీద కింద వేరే టైమ్ రాసుంటది. జుమ్మా అయ్యేదాంక ఎవడు తెరుస్తడు?"

నేను నడివీధిలో అరిచాను. ఇది ఇటలీ అన్నాను, ఇక్కడ జుమ్మా ఏందన్నాను, బుర్ర ఖోబార్‌లో పెట్టి వచ్చినావా అన్నాను. చుట్టూ జనం ఆగి చూశారు. ఆయన బోర్డు దగ్గరికి వెళ్లి కింద ఇంకో వరస కోసం వెతికాడు. పైనుంచి కిందికి, మళ్లీ కింది నుంచి పైకి. వేరే టైమ్ ఏదీ లేదు. ఆ రోజుకు, మర్నాటికి కూడా టికెట్లు అయిపోయాయని తలుపు దగ్గరి అమ్మాయి చెప్పింది. వదిన మూసిన తలుపు వైపు చూసింది.

"నేను అంటనే ఉన్న," అంది నాతో, ఆయనతో కాదు. "పది అన్నది చెల్లె, పోదాం అని. నీకేం తెలుసు, టైమ్‌లు నేను జూస్త గద అన్నడు." అన్నేళ్లూ టైములు ఆయనే చూశాడు మరి.

ఆ రోజంతా ఊరు చూశాం. బంగారు రంగు తలుపులు చూశాం, కొండ మీదికెక్కి ఊరంతా చూశాం. చాలా అందమైన ఊరు, కాదనను. ఐస్‌క్రీం కూడా తిన్నాం. వదిన అన్నిటికీ "మంచిగుంది" అంది. ఆయన ఏ గోడనూ కొట్టలేదు.

శనివారం మధ్యాహ్నానికి మా రైలు, రోమ్ నుంచి విమానం. పొద్దున నేను లేచేసరికి ఆయన లేడు. సామాను సర్దుకుని నేనూ వదినా కిందికి దిగుతుంటే చెమటలు కక్కుతూ వచ్చాడు. "నడువుండ్రి, నడువుండ్రి" అని బ్యాగులు రెండూ తనే లాక్కుంటూ ఆ గుమ్మం దగ్గరికే తీసుకుపోయాడు. తలుపులు తీయకముందు నుంచి అక్కడే నిలబడ్డాడట. తలుపు దగ్గరి అమ్మాయికి దండాలు పెట్టాడట. మా ముందే ఇంకోసారి పెట్టాడు. "సదీఖ్, వన్ మేడమ్. వాహద్. ఓన్లీ వన్ మేడమ్." ఆ పిల్ల నవ్వి, ఒక గుంపులో ఒకరు రాలేదు, ఒక్కరికి చోటుంది అని నాకు చెప్పింది.

"నువ్వు పో," అన్నాడు వదినతో.

"నువ్వు?"

"ఒక్కరికే అన్నరు. పో, పో."

ఆమె తన చేతిసంచి, ఫోను ఆయనకిచ్చింది. ఒక్క నిమిషం నిలబడింది. జన్మలో ఒక్కతే ఎక్కడికీ పోని మనిషి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పోయింది.

ఆ గుంపు బయటికి వచ్చింది, వదిన రాలేదు. ఇంకో గుంపు వెళ్లింది, వచ్చింది, వదిన రాలేదు. లోపల వరండాలో కూర్చుందని, మధ్యలో ఖాళీ దొరికితే మళ్లీ పంపిస్తున్నామని ఆ అమ్మాయి చెప్పింది. నేను ఫోన్లో టైము చూసుకున్నాను. రైలు పోతే విమానం పోతుంది, విమానం పోతే ఆయన ఎగ్జిట్ రీఎంట్రీ గడువు పోతుంది. "పిలిపించండన్నా" అన్నాను. విమానానికి పూట ముందే పోయి కూర్చునే ఆ మనిషి, ఆమె చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, బ్యాగు మీద తలుపుకెదురుగా కూర్చుని, "ఉండనీ" అన్నాడు. "ఉండనీ చెల్లె. పోతె పోనీ రైలు." చొక్కా మీద సంచి తట్టుకున్నాడు, మళ్లీ తట్టుకున్నాడు, కానీ లేవలేదు.

వదిన వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం వెలుగుతోంది. "ఇంక జరసేపు ఉంటుంటి," అంది, ఆయన ముందుకొచ్చి నిలబడి. ఆమె ఎదురుచూస్తోంది. ఆయన అడగాలి, అంతే, ఆమె అక్కడే మొదలుపెట్టేది.

ఆయన సంచి చేతికిచ్చి, "బాత్రూంకు పోయినవా? మల్ల రైల్ల కష్టమైతది," అన్నాడు.

నాకు ఆ క్షణంలో ఆయన్ని ఆ నదిలోకి తోసేయాలనిపించింది. పరుగెత్తాం. రైలు దొరికింది, విమానం చివరి పిలుపుకు దొరికింది. దారంతా వదిన కిటికీ వైపు తిరిగి కూర్చుంది, ఆయన కళ్లు మూసుకున్నాడు. నిద్రపోలేదని నాకు తెలుసు, కనురెప్పలు కదులుతున్నాయి.

కొన్ని వారాల తర్వాత దమ్మాం విమానాశ్రయంలో వాళ్లను సాగనంపాం. తాళ్లు కట్టిన అట్టపెట్టెలు, దుప్పట్లు. వదిన వాష్‌రూంకు వెళ్లినప్పుడు ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"నీకేమన్న చెప్పిందా చెల్లె, లోపల ఏమున్నదో?"

"నాకేం చెప్పలేదన్నా. నేను అడిగితే తర్వాత చెప్తానంది. మీరే అడగండి."

"నేనెట్ల అడుగుత? శుక్రవారం ఖరాబు జేసింది నేనే గద. ఏ మొఖం వెట్టుకొని అడుగాలె." ట్రాలీ చక్రం కాలితో అటూ ఇటూ కదిపాడు. "ఒక్కతే పోయింది, ఒక్కతే చూసింది. అది ఆమెది."

"అడగండన్నా" అని గట్టిగానే చెప్పాను. ఊరికి పోయాక అడుగుతా అన్నాడు. అంతలో వదిన వచ్చేసింది.

గ్రూపులో ఫోటో చూసిన సాయంత్రమే వదినకు ఫోన్ చేశాను. వెనకాల జనం మాటలు, ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు. ఎలా జరిగిందని అడిగితే, "పొద్దుగాల చాయ్ తాగిండు, గోడకు ఒరిగిండు, అంతే," అంది. ఏడవలేదు. కొడుకు వచ్చాడని, పెద్దకర్మ దాకా ఉంటాడని చెప్పింది. ఇంక ఫోన్ పెట్టేస్తుందేమో అనుకున్నాను.

"చెల్లె," అంది. "ఇటలీల ఆ అర్ర చూసి వచ్చిన గద. ఊరికొచ్చి ఇన్నేండ్లాయె. లోపల ఏమున్నదే అని ఒక్కనాడు అడుగలే మీ అన్న. అడుగుతడు, అడుగుతడు అని చూసిన. ఆయనకే ముందుగాల చెప్పాలె అని ఎవ్వరికి చెప్పలే. పిల్లలకు గూడ చెప్పలే. అంత లెక్కలేకుంట పాయెనా ఆయనకు?"

చెప్పాలా వద్దా అనిపించింది. చెప్పాను. "అట్ల కాదొదినా. దమ్మాంలో నన్ను అడిగినాడు. లోపల ఏముందో నీకు చెప్పిందా అని. ఏ మొఖం పెట్టుకోని ఆమెను అడగాల అన్నాడు."

ఆమె ఫోను పట్టుకుని అవతలికి నడిచినట్టుంది, జనం మాటలు దూరమయ్యాయి. తర్వాత అంతవరకూ నేనెన్నడూ వినని గొంతుతో వదిన అరిచింది.

"నిన్నెందుకు అడుగుడు? నన్నడుగాలె గద! పక్కనే పండుకుంటి గద చెల్లె రోజూ, నన్నడుగాలె గద!"